చెప్పులు తెగినయా, టీచరమ్మా?

(హనుమకొండలో పొద్దుటి నడక మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, అదీ టిఫిన్‌కు ముందు, నా మాటలు వినడానికి ఇంతమంది కూర్చున్నారు. త్వరగానే ముగిస్తాను.

భద్రకాళి బండ్ మీద పొద్దున్నే ఊడ్చే బల్దియా అవ్వ ఒకామె ఉంది. నేను బూట్లు విప్పేసి పరుగెత్తడం మొదలుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో, చీపురు ఆపి అడిగింది: "చెప్పులు తెగినయా, టీచరమ్మా?" లేదవ్వా, కావాలనే విప్పిన అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మేం లేక తిరిగినం, నువ్వు ఉండి తిరుగుతున్నవ్" అని మళ్ళీ చీపురు అందుకుంది. ఉత్త కాళ్ళ పరుగును ఎవరైనా మరీ పొగుడుతుంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. అందుకే నేను గొప్పలకు పోను. ఉత్త కాళ్ళతో మారథాన్‌కు, అంటే 42 కిలోమీటర్ల పరుగుకు, ఎలా తయారయ్యానో, అంతకుముందు ఎలా బోల్తా పడ్డానో చెప్తాను. బోల్తా పడిన సంగతే కాస్త ఎక్కువ చెప్తాను, మీకు పనికొచ్చేది అదే.

నేను బూట్లు విప్పింది ఏదో చదివి కాదు, మెట్టెల వల్ల. ఇక్కడున్న ఆడవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. బూటు ముందు భాగం ఇరుకు. పది పన్నెండు కిలోమీటర్లు దాటేసరికి మెట్టె పక్క వేలిని కోసేది. పొద్దున తీసి, వచ్చాక పెట్టుకుందామంటే మా అత్తమ్మకు నచ్చదు. "పొద్దుపొద్దున్నే ఆ బోసి వేళ్ళేంది" అనేది. ఒకరోజు సుబేదారి దగ్గర నొప్పి భరించలేక బూట్లు చేతిలో పట్టుకుని ఇంటిదాకా ఉరికాను. వేలి నొప్పి పోయింది. అంతకన్నా ఆశ్చర్యం, అడుగు దానంతట అదే చిన్నదైంది, చప్పుడు తగ్గింది. అత్తమ్మ కూడా సంతోషపడింది, మెట్టెలు వేళ్ళకే ఉన్నాయని.

ఇక తప్పు సంగతి. అప్పటికే బూట్లతో రెండు హాఫ్ మారథాన్లు పూర్తిచేశాను కాబట్టి ఊపిరికి ఢోకా లేదు. నవంబర్‌లో బూట్లు వదిలాను, ఆ వారమే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఫీజు కట్టేశాను. తొమ్మిది నెలల్లో బిడ్డే పుడుతుంది, అరికాళ్ళు గట్టిపడవా అనుకున్నాను.

అరికాళ్ళు గట్టిపడ్డాయి. మోసమంతా అక్కడే ఉంది. మొదటి రెండు వారాలు పిక్కలు పట్టేసి బడిలో మెట్లు దిగలేకపోయాను, తర్వాత అదీ తగ్గింది. నెలకల్లా చర్మం మందమై, చిన్న రాయి తగిలినా లెక్కలేకుండా పోయింది. చర్మం సిద్ధమైతే పాదమంతా సిద్ధమైనట్టే అనుకున్నాను. జనవరికి 14 కిలోమీటర్లు. ఫిబ్రవరిలో పాదం పైభాగాన, రెండో వేలికి వెనక, వేలు పెట్టి చూపించగలిగేంత చోట నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఏమీ లేదట అని ఇంకో వారం ఉరికాను. మూడు వారాలకు మళ్ళీ తీయిస్తే అతుకు పడుతున్న గుర్తు కనిపించింది, హెయిర్‌లైన్ ఫ్రాక్చర్. కొత్తగా వచ్చిన ఇలాంటి సన్నని పగులు మొదటి ఎక్స్‌రేలో తరచూ దొరకదని అప్పుడే తెలిసింది. ఎనిమిది వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఆ ఏడాది మారథాన్ పోయింది, కట్టిన ఫీజూ పోయింది.

ఎందుకిలా జరిగిందో ఆ ఎనిమిది వారాల్లో కూర్చుని చదువుకున్నాను. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు వారాల లెక్కన మారతాయి. ఎముక అలా కాదు. దాని మీద కొత్త బరువు పడితే శరీరం ముందు పాత ఎముకను కొంత తొలిచేస్తుంది, ఆ తర్వాత అక్కడ కొత్తది పోస్తుంది. గోడ బాగుచేసేటప్పుడు ముందు పాత సున్నం గీకేస్తాం కదా, అలాగన్నమాట. కొత్తది పోసి గట్టిపడే దాకా మూడు నాలుగు నెలలు పడుతుంది, ఈ మధ్యలో ఆ చోటు మునుపటి కన్నా బలహీనం. సరిగ్గా అప్పుడే నేను దూరం పెంచాను. మడమ పైన ఉండే లావుపాటి నరం, అంటే పిక్క కండను మడమకు కట్టే తాడు లాంటి ఎకిలిస్ టెండన్, దానికి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి అదీ నెమ్మదే.

2013లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. బూట్లతో పరుగెత్తే 36 మందిని తీసుకుని, వాళ్ళలో 19 మందిని పది వారాల్లో వేళ్ళ తొడుగుల్లాంటి పలచటి బూట్లకు మార్చారు. వాళ్ళలో 10 మందికి పాదాల ఎముకల లోపల వాపు పెరిగినట్టు స్కానింగ్‌లో కనపడింది. పది వారాలు! నేను ఒక్క రోజులో మారాను.

రెండో వైపూ చెప్పాలి. 2010లో హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్ళతో పరుగెత్తేవాళ్ళలో చాలామంది మడమ మీద కాకుండా పాదం ముందు భాగం మీద దిగుతారని, అందువల్ల నేల తాకిన క్షణంలో వచ్చే అదురు తక్కువని తేల్చింది. ఆ మాట నిజమే, మీరూ నాలుగడుగులు వేసి చూడండి. అయితే బరువు ఎక్కడికీ మాయం కాదు. మోకాలి మీద తగ్గింది పిక్క మీద, మడమ నరం మీద, పాదంలోని సన్న ఎముకల మీద పడుతుంది. దెబ్బలు తగ్గుతాయని ఆ పరిశోధన రుజువు చేయలేదు, కొన్ని తగ్గవచ్చని మాత్రమే అంది. దాన్ని చూపించి పలచటి బూట్లు అమ్మినవాళ్ళు మాత్రం తగ్గుతాయనే చెప్పారు.

మనవాళ్ళు నాతో ఎక్కువగా అనే మాట ఒకటుంది: "మనకిది కొత్తా? మా నాయనమ్మ మేడారం ఉత్త కాళ్ళతోనే నడిచిపోయింది." మా నాయనమ్మా పోయింది. ఆమె పాదం పుట్టినప్పటి నుంచి నేల మీదే ఉంది. నా పాదం ఒకటో తరగతి నుంచి బూట్లలో ఉంది. పైగా నడకలో ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉంటుంది, పరుగులో రెండూ గాలిలోకి లేచి ఒక్క కాలి మీద పడతాం. ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఆ కాలి మీద దిగుతుంది. మారథాన్‌లో నాలాంటి వాళ్ళు వేసేది సుమారు 50 వేల అడుగులు. నాయనమ్మ పేరు చెప్పుకుంటే అవి తగ్గవు.

ఇంకొందరు అబెబె బికిలాను తెస్తారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ ఇథియోపియా సైనికుడు ఉత్త కాళ్ళతో మారథాన్ గెలిచాడు. నిజమే. 1964 టోక్యోలో బూట్లు వేసుకుని, అంతకన్నా మూడు నిమిషాలు తక్కువలో మళ్ళీ గెలిచాడు. రోమ్ సంగతి చెప్పేవాళ్ళు టోక్యో సంగతి చెప్పరు. మన శివనాథ్ సింగ్ పేరైతే అసలే తలవరు. బిహార్ నుంచి వచ్చిన సైనికుడు, ఉత్త కాళ్ళ పరుగుకు పేరుపడ్డవాడు, 1978లో జలంధర్‌లో మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. నాలుగు దశాబ్దాలకు పైగా మన దేశంలో ఆ రికార్డును ఎవరూ అందుకోలేకపోయారు. వాళ్ళిద్దరూ నాలా పెద్దయ్యాక బూట్లు విప్పి ఉత్త కాళ్ళకు మారినవాళ్ళు కాదు. ముందు నుంచీ ఉత్త కాళ్ళ అలవాటు ఉన్నవాళ్ళు.

రెండోసారి మారథాన్ ఊసెత్తలేదు. ఉత్త కాళ్ళకు మారడం ఒక పని, మారథాన్‌కు తయారవడం ఇంకో పని, రెండింటినీ ఒకే ఏడాదిలో కట్టకూడదని నిర్ణయించుకున్నాను. మొదటి నెల రోజు విడిచి రోజు 500 మీటర్లు, అంతే. మిగతా దూరం బూట్లతోనే, ఊపిరి అలవాటు పోకుండా. ఉత్త కాళ్ళ భాగం ముందు, బూట్లు తర్వాత. అలిసిపోయాక అడుగు బరువెక్కుతుంది, ఉత్త కాలి మీద బరువడుగు వేయకూడదు. ఆరు నెలలకు 5 కిలోమీటర్లు, ఏడాదికి 10, రెండో ఏడు చివర 21. మా ఆయన "ఈ లెక్కన నీ రిటైర్‌మెంట్‌కు మారథాన్ అవుతుంది" అన్నాడు.

నేల గురించి చెప్పాలి, అందరూ గడ్డి మంచిదనుకుంటారు. గడ్డిలో గాజుపెంకు కనపడదు, పల్లేరుకాయ కనపడదు. ఖిలా వరంగల్ వైపు మట్టి బాటలు చూడ్డానికి ముద్దొస్తాయి, కానీ ఎండాకాలం మొదలైందంటే అడుగడుక్కీ పల్లేరే. నాకు నచ్చింది నున్నటి సీసీ రోడ్డు. గట్టి నేల మీద తప్పుగా దిగితే కాలు వెంటనే చెప్పేస్తుంది, మెత్తటి నేల ఆ తప్పును దాచిపెడుతుంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన మన స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ కాలికి హాయిగానే ఉంటుంది గానీ, రెండు మూడు కిలోమీటర్లకు గరుకు కాగితంలా చర్మాన్ని రుద్దేస్తుంది. కంకర తేలిన డాంబర్ రోడ్డు మీద పక్కనుండే తెల్ల గీత పట్టుకుని పోతాను. అక్కడ నున్నగా ఉంటుంది, చల్లగా కూడా ఉంటుంది. వాన పడితే మాత్రం ఆ గీతే జారుతుంది. కుక్కల సంగతి కూడా చెప్పాలి. ఉత్త కాళ్ళకు చప్పుడుండదు కాబట్టి దగ్గరికి వచ్చేదాకా వాటికి తెలియదు, ఉలిక్కిపడి లేస్తాయి. దూరం నుంచే ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్తాను, చూసేవాళ్ళు ఏమనుకున్నా సరే.

ఆగస్టు మారథాన్‌కు పెద్ద పరుగులన్నీ ఏప్రిల్ నుంచి జూలై మధ్యన పడతాయి. మన ఎండ మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో నాలుగింటికి బయల్దేరి ఏడులోపు ఇంట్లో ఉండాలి, ఎనిమిదికి డాంబర్ మీద కాలు పెట్టలేం. సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ. జూన్ చివర వానలొస్తే హమ్మయ్య అనుకుంటాం కానీ, తడిసిన అరికాలు మెత్తబడి ఎండాకాలం కన్నా తొందరగా పొక్కుతుంది. వానల్లో నేను దూరం తగ్గించాను.

ఇంటికి రాగానే కాళ్ళు కడిగి, లైటు కింద అరికాళ్ళు చూసుకోవడం స్నానం లాంటి అలవాటైపోవాలి. ముల్లు తీసే చిమటా దగ్గరుండాలి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఉండాలి. మలమూత్రాలతో పాడైన తడి మట్టిలోకి వెళ్ళకండి, కొంకిపురుగులు చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తాయి. పిక్కంతా పట్టేసినట్టుంటే భయం లేదు. వేలు పెట్టి చూపించగలిగే చోట నొప్పి ఉంటే ఆ రోజే ఆపేయండి. షుగర్ ఉన్నవాళ్ళు దయచేసి ఈ జోలికి రావద్దు. అరికాలి స్పర్శ తగ్గిన మనిషికి ముల్లు దిగిన సంగతే తెలియదు.

మూడో ఏడు ఆగస్టులో హైదరాబాద్ వెళ్ళాను. తెల్లవారకముందే మొదలైంది. ఫ్లైఓవర్ల మీద ఇనుప అతుకులు తప్ప దారి పరవాలేదు. నడుముకు కట్టుకున్న సంచిలో పలచటి శాండిళ్ళు పెట్టుకున్నాను. 34వ కిలోమీటరు దగ్గర ఎండ ఎక్కింది, అడుగు చప్పుడు నాకే వినపడసాగింది. ఆగి శాండిళ్ళు వేసుకున్నాను. 5 గంటల 41 నిమిషాలకు ముగించాను. పూర్తిగా ఉత్త కాళ్ళతో కాదు కదా అని తర్వాత ఒకాయన అన్నాడు. కాదు. మర్నాడు సోమవారం, బడికి మాత్రం మామూలుగా నడిచి వెళ్ళాను.

నా మాటలు అయిపోయాయి. రెండో వరసలో అంకుల్ ఇందాకటి నుంచీ చెయ్యి ఎత్తే ఉంచారు. అడగండి అంకుల్, ముందు మీకు షుగర్ ఉందో లేదో చెప్పి అడగండి.