పీఎస్ఎంఏ స్కాన్‌కు వెళ్ళే రోజు

అందరికీ నమస్కారం.

బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక కొందరికి, ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బు కోసం రక్తంలో చూసే పరీక్ష) మళ్ళీ పెరగడం మొదలయ్యాక కొందరికి, డాక్టరు చీటీ మీద 'పీఎస్ఎంఏ పెట్ సీటీ' అని రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని మా స్కాన్ సెంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగేవి దాదాపు ఒకటే. పరగడుపున రావాలా? నొప్పి ఉంటుందా? ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఎత్తుకోవచ్చా? మేం ఎదురు అడిగేది మాత్రం ఒకటి: మంచినీళ్ళు బాగా తాగి, మూత్రానికి వెళ్ళొచ్చారా? ఈ స్కాన్ బాగా రావడం, రాకపోవడం చాలావరకు అక్కడే ఉంది.

పీఎస్ఎంఏ అంటే ప్రోస్టేట్ కణాల పైపొర మీద ఉండే ఒక ప్రోటీన్. క్యాన్సర్ కణాల మీద ఇది మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. దానికి పోయి అతుక్కునే మందుకు రేడియోధార్మిక పదార్థాలైన గాలియం-68 గానీ ఫ్లోరిన్-18 గానీ తగిలించి నరంలోకి ఎక్కిస్తాం. మందు ఎక్కడ అతుక్కుందో పెట్ యంత్రం పసిగడుతుంది. ఆ చోటు ఎముకా, లింఫు గ్రంథా అన్నది సీటీ చెబుతుంది. పాత పద్ధతిలో ఎముకల స్కాన్, సీటీ విడివిడిగా చేసేవాళ్ళం. ఆస్ట్రేలియాలో 302 మంది మీద ఈ రెండు దారులనూ పోల్చి చూసి, 2020లో ఫలితాలు ప్రచురించారు. వ్యాధి పాకిందా లేదా అని సరిగ్గా చెప్పడంలో పాత పద్ధతికి 65 శాతం, పీఎస్ఎంఏకి 92 శాతం కచ్చితత్వం వచ్చింది. డాక్టర్లు దీనివైపు మొగ్గడానికి కారణం అదే.

ఇక టైము సంగతి. గాలియం బయట దుకాణంలో దొరికే మందు కాదు. జర్మేనియం-68 నింపిన జెనరేటర్ నుంచి అప్పటికప్పుడు తీస్తాం. మా వాళ్ళు దాన్ని ఆవు అనీ, గాలియం తీయడాన్ని పాలు పితకడమనీ అంటారు. ఒకసారి పితికాక మళ్ళీ నిండుగా చేపడానికి నాలుగు గంటలు పడుతుంది. తీసిన గాలియం 68 నిమిషాలకు సగం అయిపోతుంది. అంటే మీరు రెండు గంటలు ఆలస్యంగా వస్తే మీ కోసం సిద్ధం చేసిన డోసులో మూడో వంతు కూడా మిగలదు. చెప్పిన టైముకు రమ్మని మేం పట్టుబట్టేది అందుకే. ఫ్లోరిన్ మందు పెద్ద యంత్రమైన సైక్లోట్రాన్‌లో తయారవుతుంది, 110 నిమిషాలకు సగమవుతుంది. కాబట్టి అది ఊరు దాటి కారులో ప్రయాణించగలదు.

పరగడుపు గురించి చాలా గందరగోళం ఉంది. మామూలు పెట్ స్కాన్‌లో ఇచ్చేది గ్లూకోజ్ లాంటి మందు కాబట్టి దానికి ఉపవాసం, షుగర్ లెక్క తప్పనిసరి. పీఎస్ఎంఏకి ఆ గొడవ లేదు. ఇడ్లీ తినండి, బీపీ, షుగర్ మాత్రలు వేసుకోండి. సీటీకి కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) కూడా ఇస్తామని సెంటర్ వాళ్ళు చెబితే మాత్రం వాళ్ళు చెప్పినన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచి, కిడ్నీల పనితీరు చెప్పే తాజా క్రియాటినిన్ రిపోర్టు తేవాలి. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఆ సంగతి ముందురోజే ఫోన్‌లో చెప్పండి.

కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యం తేదీలతో సహా పీఎస్ఏ రిపోర్టులు. తర్వాత బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్, రేడియేషన్ వివరాలు, హార్మోన్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో ఆ తేదీ. హార్మోన్ మందు చాలాకాలం వాడితే కణాలు కుంచించుకుపోయి, ఉన్న క్యాన్సర్ మచ్చలు కూడా స్కాన్‌లో కనిపించకుండా పోవచ్చు. కుదిరితే ఇంజెక్షన్‌కు ముందే స్కాన్ చేయించుకోవడం మేలు. అలాగని మీ అంతట మీరు ఇంజెక్షన్ వాయిదా వేసుకోవద్దు. అది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

ఇంకోటి, మొలతాడు. వెండి మొలతాడు గానీ, తాయెత్తు గానీ ఉంటే సీటీలో సరిగ్గా నడుము దగ్గర తెల్లటి చారలు పడతాయి. మనం చూడాల్సిందీ అక్కడే. తీయాలంటే చాలామందికి మనసొప్పదు. స్కాన్ అయ్యేదాకా జేబులో పెట్టుకుందామన్నా కుదరదు, వెంట వచ్చినవాళ్ళ చేతికి ఇవ్వండి.

సెంటర్‌కు వచ్చాక చేతి నరానికి కాన్యులా (సన్నటి గొట్టం) పెడతాం. మందు మోతాదు మీ బరువును బట్టి ఉంటుంది. గాలియం అయితే కిలోకు 2 మెగాబెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే లెక్క) చొప్పున, 70 కిలోల మనిషికి సుమారు 140. ఎక్కించేటప్పుడు మంట, వేడి ఏమీ తెలియవు. ఒళ్ళంతా వెచ్చగా అయినట్టు అనిపిస్తే అది కాంట్రాస్ట్ వల్లే. తర్వాత గంటసేపు వేరే గదిలో కూర్చోవాలి. ఆ గంటలో అర లీటరు నీళ్ళు తాగిస్తాం. చాలాచోట్ల మూత్రం ధారాళంగా రావడానికి ఫ్రూసమైడ్ 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కూడా ఇస్తారు. బీపీ తక్కువగా ఉండేవాళ్ళు, సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. గుండె, కిడ్నీ జబ్బులుండి నీళ్ళు కొలతగా తాగమన్నవాళ్ళు కూడా.

ఇంత నీళ్ళు ఎందుకంటే, గాలియం మందు కిడ్నీల ద్వారా మూత్రంలోకి దిగుతుంది. మూత్రాశయం నిండి ఉంటే తెరమీద అది పెట్రోమాక్స్ లైటులా వెలుగుతుంది. ప్రోస్టేట్ ఉండేది సరిగ్గా దాని కింద. ఆ వెలుగు పక్కన చిన్న మచ్చ కనబడదు. ఒక్కోసారి యంత్రం లెక్క తప్పి ఆ వెలుగు చుట్టూ నల్లటి వలయం వేస్తుంది, మచ్చ దాంట్లో మాయమవుతుంది. అందుకే బల్ల ఎక్కే ముందు మూత్రాశయం ఖాళీ చేయమంటాం. అక్కడ జాగ్రత్త: లోదుస్తుల మీద ఒక్క చుక్క పడ్డా అది గజ్జల్లో మచ్చలా మెరుస్తుంది. ఆపరేషన్ తర్వాత మూత్రం చుక్కలుగా పడేవాళ్ళకు ఇది మామూలే, సిగ్గుపడాల్సిన పని లేదు. సిబ్బందితో చెబితే బట్ట మార్పించి, కడిగించి, ఆ భాగం మళ్ళీ తీస్తారు. చెప్పకపోతే రిపోర్టులో లేని గ్రంథి పుట్టుకొస్తుంది. కాథెటర్ (మూత్రపు గొట్టం) ఉన్నవాళ్ళు బ్యాగు ఖాళీ చేయించుకోండి. దాన్ని పొత్తికడుపు మీద పెట్టకూడదు.

పీఎస్ఎంఏ-1007 అనే ఫ్లోరిన్ మందు ఎక్కువగా కాలేయం ద్వారా పోతుంది కాబట్టి మూత్రాశయం గొడవ తక్కువ. బదులుగా పక్కటెముకల్లో అకారణంగా మెరుపులు చూపిస్తుంది. ఏ మందుకు ఆ తలనొప్పి.

బల్ల మీద 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా, చేతులు తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. భుజం పట్టేసినవాళ్ళు ముందే చెబితే చేతులు పక్కన పెట్టి సర్దుతారు. ఎమ్మారైలో లాగా ధనధనమని చప్పుడు ఉండదు.

రిపోర్టు చేతికొచ్చాక బొమ్మలు చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. కళ్ళ దగ్గర, చెవుల ముందు, దవడ కింద, కిడ్నీల్లో, చిన్నపేగు మొదట్లో నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అదంతా సహజం. కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు ఈ మందును ఎలాగూ పట్టేస్తాయి. వెన్ను పక్కనుండే నరాల ముడులు, పాత పక్కటెముక విరుపు కూడా వెలుగుతాయి. అనుభవం లేని కన్ను వాటిని క్యాన్సర్ అనుకోవచ్చు. పక్కటెముకలో ఒక్కటే మచ్చ ఉండి పీఎస్ఏ తక్కువగా ఉంటే, చికిత్స మార్చే ముందు ఆ ఒక్కదాని గురించీ గట్టిగా అడగండి.

ఏమీ మెరవకపోయినా సంబరపడిపోకూడదు. పది శాతం లోపు ప్రోస్టేట్ క్యాన్సర్లలో పీఎస్ఎంఏ పెద్దగా ఉండదు. కొన్ని మిల్లీమీటర్ల గ్రంథులు యంత్రానికి అందవు. ఆపరేషన్ తర్వాత పీఎస్ఏ 0.2, 0.5 మధ్య ఉన్నప్పుడు సగానికి అటూఇటూ మందిలోనే మచ్చ దొరుకుతుంది. పీఎస్ఏ పెరిగేకొద్దీ దొరికే అవకాశం పెరుగుతుంది.

చంటిపిల్ల ప్రశ్నకు జవాబు: గాలియం అయితే ఐదారు గంటలు, ఫ్లోరిన్ అయితే ఆ రోజంతా పసిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, గర్భిణుల పక్కన ఎక్కువసేపు కూర్చోవద్దు. ఐదు గంటల నలభై నిమిషాలకు గాలియం ముప్పై రెండో వంతుకు పడిపోతుంది. ఆ పూట కూర్చుని మూత్రం పోయండి, రెండుసార్లు ఫ్లష్ చేయండి, చేతులు కడుక్కోండి. అన్నం కలిసి తినొచ్చు, బస్సెక్కి ఊరెళ్ళొచ్చు.

వెళ్ళేటప్పుడు ఫిల్ము, కాగితం మాత్రమే పుచ్చుకుని వెళ్ళకండి. స్కాన్ మొత్తం ఉన్న సీడీ అడిగి తీసుకోండి. దాని మీద ఏ మందు వాడారో, గాలియమా ఫ్లోరినా, రాయించుకోండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ తీయాల్సి వస్తే అదే మందుతో తీసినప్పుడే పక్కపక్కన పెట్టి సరిగ్గా పోల్చగలం.