టైటాన్ సరస్సుల్లో జీవం: ఆశ ఎంత, ఆధారం ఎంత?

సమన్వయకర్త: నమస్కారం. భూమిని పక్కన పెడితే, ఉపరితలం మీద ద్రవం నిలకడగా ఉన్న చోటు మనకు తెలిసినంతలో ఒక్కటే: శని ఉపగ్రహం టైటాన్. కాకపోతే అక్కడి సరస్సుల్లో ఉన్నది మీథేన్, ఈథేన్. సార్, అంత దట్టమైన పొగమంచు కింద సరస్సులున్నాయని ఎలా కనిపెట్టారు?

గ్రహ శాస్త్రజ్ఞుడు: మామూలు కెమెరాకి నారింజ రంగు ముసుగు తప్ప పెద్దగా ఏమీ కనపడదండీ. 2004లో శని దగ్గరికి చేరిన కస్సీని నౌకలో రాడార్ ఉంది. 2006లో అది ఉత్తర ధ్రువం వైపు చూస్తే, కొన్ని చోట్ల నుంచి తరంగాలు దాదాపు తిరిగి రాలేదు. నునుపైన ద్రవం మీద పడ్డ తరంగం పక్కకి వెళ్లిపోతుంది కాబట్టి బొమ్మలో అక్కడ నల్లగా పడింది. ఆ తర్వాత లిజియా మారె అనే సముద్రంలో అడుగు నుంచి కూడా ప్రతిధ్వని దొరికింది. లోతు దాదాపు 160 మీటర్లు. అవే నీళ్లయి ఉంటే ఆ రాడార్ అడుగుదాకా వెళ్లేదే కాదు. మీథేన్ తరంగాలకు దారి వదులుతుంది, అదే కలిసొచ్చింది.

సమన్వయకర్త: ద్రవం ఉంది, కార్బన్ ఉంది. ఇంకేం కావాలి మేడమ్?

జీవరసాయన శాస్త్రజ్ఞురాలు: చాలా కావాలి! అక్కడ మైనస్ 179 డిగ్రీలు. ఆ చలిలో రసాయన చర్యలు నత్తనడకే. పైగా మన కణాల్లో ఉండే చక్కెరలు, లవణాలు, అమైనో ఆమ్లాలు నీటిలో కరుగుతాయి గానీ మీథేన్‌లో కరగవు. కణం చుట్టూ ఉండే పొర మరో చిక్కు. మన పొరలు నిలబడేదే నీళ్లుండబట్టి. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అక్రిలోనైట్రైల్ అనే నైట్రోజన్ ఉన్న కర్బన పదార్థంతో మీథేన్‌లోనూ పొర నిలుస్తుందని కంప్యూటర్‌లో చూపించారు. 2017లో ఆ పదార్థం టైటాన్ వాతావరణంలో ఉందని చిలీలోని ఆల్మా టెలిస్కోప్ తేల్చింది.

సమన్వయకర్త: ఇంకేం, దొరికినట్టే కదా!

జీవరసాయన శాస్త్రజ్ఞురాలు: ఇల్లలకగానే పండగ కాదు. 2020లో ఇంకొకరు లెక్కలు వేస్తే, ఆ అణువులు పొరగా అల్లుకోవడం కంటే గడ్డకట్టి స్ఫటికాలు కావడానికే మొగ్గు చూపుతాయని వచ్చింది.

గ్రహ శాస్త్రజ్ఞుడు: పొర లేకపోతే జీవమే లేదని అప్పుడే తీర్మానించకండి మేడమ్. అంత చలిలో పెద్ద అణువులు ఎలాగూ కరగవు, కొట్టుకుపోవు. వాటికి గోడ ఎందుకు?

జీవరసాయన శాస్త్రజ్ఞురాలు: సరే, మరి వాటికి తిండి ఎలా అందుతుంది?

గ్రహ శాస్త్రజ్ఞుడు: అదీ ఆలోచించారండీ. హైడ్రోజన్ పీల్చి, ఎసిటిలీన్ అనే కర్బన పదార్థాన్ని తిని, మీథేన్ వదిలే జీవులు ఉండొచ్చని 2005లో మెకే, స్మిత్ అనే శాస్త్రవేత్తలు రాశారు. 2010లో చూస్తే హైడ్రోజన్ పైనుంచి కిందికి దిగుతూ నేల దగ్గర మాయమవుతోందని ఒక లెక్క చెప్పింది. నేల మీద ఉండాల్సినంత ఎసిటిలీన్ కూడా కనపడలేదు.

సమన్వయకర్త: అయితే ఎవరో తింటున్నారనేగా!

గ్రహ శాస్త్రజ్ఞుడు: అంత తొందర వద్దు. ఏదో ఖనిజం ఉత్ప్రేరకంగా పనిచేసినా అదే ఫలితం రావచ్చు. జీవం అన్నది చిట్టచివరి వివరణ. మిగతావన్నీ కాదని తేలాకే ఆ మాట అనాలి.

సమన్వయకర్త: టైటాన్‌కి నాసా పంపే ఎగిరే నౌక డ్రాగన్‌ఫ్లై 2028లో బయల్దేరి 2034లో చేరాలని ప్రణాళిక. అది ఏ సరస్సులో దిగుతుంది?

గ్రహ శాస్త్రజ్ఞుడు: ఏ సరస్సులోనూ దిగదు! నాకున్న బాధ అదే. పెద్ద సముద్రాలన్నీ ఉత్తరాన ఉన్నాయి, అప్పటికి అక్కడ చలికాలం. సూర్యుడు కనపడడు, భూమీ కనపడదు, సంకేతాలు నేరుగా పంపడం కుదరదు. అందుకని భూమధ్యరేఖ దగ్గర ఇసుక తిన్నెల్లో దిగి, అక్కణ్నుంచి ఎగురుకుంటూ సెల్క్ అనే బిలం వైపు వెళ్తుంది. సముద్రంలో తేలే నౌక ఒకటి ప్రతిపాదించారు గానీ, 2012లో దాన్ని కాదని అంగారకుడికి వెళ్లే ఇన్‌సైట్‌ని ఎంచుకున్నారు.

జీవరసాయన శాస్త్రజ్ఞురాలు: నన్నడిగితే సెల్కే మేలు. ఉల్క గుద్దినప్పుడు అక్కడి మంచు కరిగి, కొన్నాళ్లు నీళ్లుగా ఉండి, నేల మీది కర్బన పదార్థాలతో కలిసి ఉంటుంది. ఆ రసాయనం ఎంతదూరం పోయిందో చూస్తే మన పుట్టుక గురించి కూడా ఏదైనా తెలుస్తుంది. సరే, మీ పడవే వెళ్లిందనుకుందాం. అందులో ఏం కొలుస్తారు?

గ్రహ శాస్త్రజ్ఞుడు: అణువుల పంపిణీ. మామూలు రసాయన చర్యలైతే అన్ని సైజుల అణువులూ కలగాపులగంగా ఉంటాయి. జీవం తనకి పనికొచ్చే కొన్నింటినే పదేపదే తయారుచేస్తుంది. కొన్ని అణువులు మాత్రమే కుప్పలుగా దొరికాయంటే అనుమానించాలి.

జీవరసాయన శాస్త్రజ్ఞురాలు: ఆ పరీక్షకి నేనూ ఒప్పుకుంటాను. కానీ ఉత్తర ధ్రువానికి మళ్లీ వెలుగు రావాలంటే 2039 దాకా ఆగాలి. పడవ డిజైన్‌కి మీకు బోలెడంత టైముంది సార్.