ఫొటో వచ్చాక ఆగిన 13 నెలలు

వ్యాఖ్యాత: నమస్కారం. విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు భారతదేశం నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఏళ్లు పడుతోంది. ఎందుకన్నదే ఈ రోజు చర్చ. దత్తత వ్యవహారాలు చూసే న్యాయవాది, శిశు గృహంలో పనిచేసిన సామాజిక కార్యకర్త, మహారాష్ట్ర నుంచి పాపను ఒహాయోకు తీసుకెళ్లిన ఒక తెలుగు తల్లి మనతో ఉన్నారు. అమ్మా, మీకు మొత్తం ఎంతకాలం పట్టింది?

తల్లి: మూడేళ్లు దాటిందండి. అందులో పాప ఎవరో తెలియకుండా గడిచిన రెండేళ్లు ఒక ఎత్తు, ఫొటో చేతికొచ్చాక గడిచిన 13 నెలలు ఒక ఎత్తు. మొదటిది ఎలాగో ఓర్చుకున్నాం. రెండోది మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. ఫొటోలో 14 నెలల పిల్ల, ఇంటికొచ్చేసరికి 27 నెలలు.

వ్యాఖ్యాత: బిడ్డ ఖరారయ్యాక కూడా 13 నెలలా?

న్యాయవాది: రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలండి. దేశాల మధ్య జరిగే దత్తతలపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. అమెరికా పౌరులైతే అక్కడ ముందు ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం పరిశీలిస్తారు. తర్వాత ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ ‘కారా’లో నమోదు. బిడ్డ ఖరారయ్యాక మళ్లీ అమెరికా అనుమతి, కారా నిరభ్యంతర పత్రం, దత్తత ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా. ఒకటి పూర్తయితేగాని రెండోది కదలదు. ఈలోగా పాత కాగితాల గడువు తీరిపోతుంది.

తల్లి: అమెరికా అనుమతి కోసం ఇచ్చిన మా వేలిముద్రలు 15 నెలలే చెల్లుతాయి. మళ్లీ వెళ్లి ఇచ్చాం.

సామాజిక కార్యకర్త: ఒక మాట చెప్పాలి. వేచి ఉండటమంతా తప్పేనంటే నేను ఒప్పుకోను. కన్నతల్లి బిడ్డను అప్పగిస్తూ సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇచ్చింది. నలభై రోజులు దాటాక పుట్టింటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చి బిడ్డను తీసుకెళ్లిన అమ్మాయిని నా కళ్లతో చూశాను. పాలు ఇంకా ఇంకిపోలేదు ఆమెకు. ఆ 60 రోజులు ఆమెవి. వాటిలో ఒక్క రోజు కూడా ఎవరూ తగ్గించకూడదు.

న్యాయవాది: తనిఖీలు ఊరికే రాలేదు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో గుర్తుందిగా? తండాల్లో పేద లంబాడా తల్లుల దగ్గర పసికందులను కొని దత్తత పేరుతో విదేశాలకు పంపే వ్యవహారం బయటపడింది.

సామాజిక కార్యకర్త: నిజమే. కానీ ఆ మోసం బిడ్డ శిశు గృహానికి చేరే దారిలో జరిగింది. కాపలా అక్కడ గట్టిగా ఉండాలి. విచారణ అంతా ముగిసి, బాలల సంక్షేమ సమితి దత్తతకు అర్హురాలని ప్రకటించి, తల్లిదండ్రులు కూడా ఖరారయ్యాక, ఒక బల్ల మీది ఫైలు పక్క బల్లకు వెళ్లడానికి మూడు నెలలు పడితే దానివల్ల ఏ బిడ్డకు రక్షణ? ఆ రోజులు పిల్లవి. రెండేళ్లలోపు పసిబిడ్డ ఒక మనిషిని పట్టుకుని పెరుగుతుంది. ఆలస్యమైనకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది, విడిపోయేటప్పుడు అంత ఎక్కువ బాధపడుతుంది.

న్యాయవాది: అది కాదనను. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు మారింది. రెండు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. మిగతా మెట్లకూ అలాంటి గడువే కట్టుదిట్టంగా అమలు కావాలి.

వ్యాఖ్యాత: డల్లాస్ నుంచి ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు. అక్క కూతురిని దత్తపత్రం రాయించుకుని తీసుకెళ్తే సరిపోదా అని.

న్యాయవాది: సరిపోదు. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం తీసుకున్నా, దేశం దాటించాలంటే కారా పత్రం కావాలి. హోమం చేయించి, బంధువులందరికీ భోజనాలు పెట్టాక వీసా దగ్గర ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ముందే అడగండి.

వ్యాఖ్యాత: అమ్మా, ఆ 13 నెలలూ మీరేం చేశారు?

తల్లి: పాప గురించి వచ్చిన నివేదికలో ఒక వాక్యం ఉంది. ‘పెద్ద శబ్దం వస్తే మావశీ కొంగు పట్టుకుంటుంది’ అని. మరాఠీలో మావశీ అంటే పినతల్లి. అక్కడ ఆయాలను అలాగే పిలుస్తారు. ఆ రాత్రే అల్మారా అడుగున ఉన్న నేత చీరలు తీశాను. గంజి బిగువు పోయి మెత్తబడాలని వారానికొకటి కట్టుకోవడం, ఉతకడం. బయట మంచు, ఇంట్లో నేను చీరలో. మావారు ఏమీ అనేవారు కాదు, కొంగు తడిగా ఉంటే ఆరేసేవారు. కొన్ని మరాఠీ మాటలు కూడా నేర్చుకున్నాం. పాణీ, భాత్, ఝోప్. నీళ్లు, అన్నం, నిద్ర.

వ్యాఖ్యాత: పాప మీ దగ్గరికి వచ్చిందా?

తల్లి: వెంటనే రాలేదండి. నిరభ్యంతర పత్రం వచ్చాక, ఉత్తర్వు కోసం చూస్తూ పుణెలో అద్దె గదిలో ఉన్నాం. పాపను మా సంరక్షణలోకి ఇచ్చారు. రోజూ తలుపు దగ్గర కూర్చుని మావశీ అని ఏడ్చేది. ఎనిమిదో రోజు పక్కింట్లో కుక్కరు కూత వేసింది. పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. ముఖం మాత్రం అటే తిప్పుకుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు?

తల్లి: ఇప్పటికీ కుక్కరు కూతకు భయమే. నేను ప్యాంటు వేసుకుని ఉంటే, వచ్చి ఒక్క క్షణం కొంగు కోసం వెతుకుతుంది. తర్వాత మోకాలు పట్టుకుంటుంది.