బండ్లు ఆగిన చార్మినార్

శ్రోతలకు నమస్కారం.

చార్మినార్ చుట్టూ ఆటోలు, బస్సులు తిరిగిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నాకైతే ముందు హారన్ల మోత గుర్తొస్తుంది, ఆ తర్వాతే మినార్లు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన కట్టడం రోజూ ఆ పొగ మింగుతూ నిలబడేది.

బండ్లను పక్కదారులకు మళ్లించి, నేలమీద రాతి పలకలు పరిచి, ఆ చోటును నడిచేవాళ్లకు వదిలేయాలన్నది చార్మినార్ పాదచారుల పథకం. చెప్పడానికి రెండు ముక్కలే. పని మాత్రం ఏళ్ల తరబడి సాగింది. పక్కదారి వెడల్పు కావాలంటే ఎవరి ఇల్లో, ఎవరి దుకాణమో కొంత పోవాలి కదా. పాతబస్తీలో అడుగు స్థలం వదులుకోమంటే ఎవరు ఊరుకుంటారు?

ఇప్పుడు అక్కడ పిల్లల చెయ్యి వదిలేసి నడవొచ్చు. 2021 అక్టోబరులో 'ఏక్ శామ్ చార్మినార్ కే నామ్' పేరుతో ఆదివారం సాయంత్రాలు సందడి కూడా మొదలుపెట్టారు. బాగుంది.

కానీ తోపుడు బండ్లవాళ్ల సంగతి? గాజులు, పళ్లు, అత్తరు అమ్మేవాళ్లు లేకపోతే అది చార్మినార్ ఎలా అవుతుంది? వాళ్లను 'అడ్డం' అనేవాళ్లు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒకసారి చదవాలి. సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. ఎక్కడ అమ్ముకోవాలో చెప్పే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. బండి ఎక్కడ పెట్టాలో బండి తోసేవాడిని అడగమన్నమాట. ఇంత తేలికైన మాటకు చట్టం కావాల్సి వచ్చింది!

ఇంకోటి, నీడ. రాతి నేల ఫొటోలో మెరుస్తుంది, ఏప్రిల్ మధ్యాహ్నం మాత్రం పెనంలా కాలుతుంది. పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. కాస్త ఉత్తరంగా నడిస్తే నాలుగు కమానుల మధ్య గుల్జార్ హౌజ్ కనిపిస్తుంది. కూడలి నడుమ నీళ్ల తొట్టి కట్టారు వాళ్లు. మనం పలకలు పరిచాం.

ఒక వేసవిలో మధ్యాహ్నం రెండింటికి అక్కడ కాళ్లు కాలి, కూర్చునే చోటు కోసం వెతికాను. లాడ్ బజార్ మొదట్లో గాజులమ్మే ఒకావిడ తన టార్పాలిన్ కింద స్టూలు జరిపి, "కూర్చో బిడ్డా" అంది.