కంప ఎక్కడ వేశాం?

శ్రోతలందరికీ నమస్కారం.

2020 ఉగాది మీకు గుర్తుండే ఉంటుంది. శార్వరి నామ సంవత్సరం, మార్చి 25, బుధవారం. ముందురోజు రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్ అని చెప్పారు. తెల్లారితే పండగ. పెరట్లో వేపపువ్వు ఉంది, మామిడికాయ ఉంది. కొత్త బెల్లం తెచ్చుకుందామని కొట్టుకు వెళ్తే తలుపు వేసి ఉంది. సరే, పాత బెల్లంతోనే కానిద్దామనుకుని, ఎందుకో ఊరి మొదటిదాకా నడిచాను. రోడ్డుకు అడ్డంగా కంప వేసి ఉంది.

సర్కారు తుమ్మ కంప. మా కుర్రాళ్ళు రాత్రికి రాత్రి చెరువు గట్టు మీద కొట్టి, ట్రాక్టరులో తెచ్చి మనిషెత్తున పడేశారు. ఆకు ఇంకా వాడలేదు. పక్కన ఒక అట్టముక్క మీద ‘మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేము రాము’ అని రాసి కట్టారు. ఆ రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్ళ మొదట్లో ఈ మాట కనిపించింది. మీరూ చూసే ఉంటారు.

ఆ కంప చూస్తే నాకు ధైర్యం వచ్చింది. ఆ మాట దాచుకోను. మందు లేని జబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మాకు చాలా దూరం. అక్కడ ఆక్సిజన్ మాట అటుంచి, సాయంత్రమైతే డాక్టరే ఉండరు. నాకు అప్పటికే అరవై దాటాయి, షుగరు ఉంది. ఎవరో ఒకరు అడ్డం నిలబడ్డారు కదా అనిపించింది.

మాది అప్పటి కృష్ణా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మిర్చి ఊరు. మార్చి అంటే కోతల కాలం. కల్లాల నిండా ఎర్రగా కాయ ఆరబోసి ఉంటుంది. ఆ ఘాటుకు దగ్గని మనిషి, తుమ్మని మనిషి మా ఊళ్ళో ఉండరు. ఏటా అదొక మామూలు విషయం. ఆ ఏడు మాత్రం కల్లం దగ్గర ఎవరైనా దగ్గితే పక్కవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. పక్కపక్కన కూర్చుని 40 ఏళ్ళుగా కాయ ఏరుతున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకోవడం నేను కళ్ళారా చూశాను. జబ్బు ఊళ్ళోకి రాకముందే భయం వచ్చేసింది.

ఆ రోజు పదకొండు గంటలకు సచివాలయం ముందు వేపచెట్టు కింద కూర్చున్నాం. కూర్చోబెట్టడానికి సర్పంచ్ లేడు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే తీరిపోయింది. అప్పటి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. స్థానిక ఎన్నికలు జరగబోతుండగా కరోనా కారణంగానే మార్చి 15న వాయిదా వేశారు. ఊరికి ఇంత కష్టం వచ్చిన రోజున, ‘మేం ఎన్నుకున్న మనిషి ఈయన’ అని చెప్పుకోవడానికి మాకు ఒక్కరు కూడా లేరు. పంచాయతీ కార్యదర్శి, వాలంటీర్లు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, నాలాంటి పెద్దవాళ్ళు నలుగురు, కంప వేసిన కుర్రాళ్ళు ఉన్నారు. ఆశా కార్యకర్త పొద్దున్నే వచ్చి, గజం గజం దూరంలో ముగ్గుపిండితో సున్నాలు గీసింది. పండగ ముగ్గు వేయాల్సిన పిండి అది. ఒక్కో సున్నాలో ఒక్కో మనిషి.

వాదన గట్టిగానే జరిగింది. కంప ఉండాల్సిందేనని ఒకరు, ఉంటే పాల బండి ఎలా వస్తుందని ఒకరు. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీకైనా తోలుకోవాలి కదా అని రైతులు. ‘హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళను ఒక్కళ్ళను కూడా రానివ్వొద్దు’ అని ఒక తల్లి అందరికంటే గట్టిగా అన్నది. ఆమె మాట మళ్ళీ చెబుతాను. నా వంతు వచ్చినప్పుడు కంప ఉండాలనే చెప్పాను. పాఠం చెప్పినట్టు చెప్పాను కాబోలు, చాలామంది తల ఊపారు.

ఎస్సీ కాలనీ నుంచి ఒకామె వచ్చింది. కూలీల ముఠాకు మేస్త్రి. సున్నాలన్నీ నిండిపోయి ఆమెకు చోటు లేకపోతే చెట్టుకు ఆ పక్కన నిలబడి ఉంది. అంతా అయిపోతుందనగా అడిగింది.

“మాష్టారూ, ఒక్క మాట. కంప ఊరికి కాపలా అంటున్నారు. మరి మా ఇళ్ళు కంపకు అవతల పడ్డాయేంటి?”

ఎవరూ మాట్లాడలేదు.

“పొద్దున కాయ కోయడానికి కంప సందులోంచి రమ్మని కబురు పెట్టారు. కోతకు మేం లోపలోళ్ళం, జబ్బుకు బయటోళ్ళమా?”

మా ఊరి రోడ్డు అలా ఉంటుంది. మెయిన్ రోడ్డు దిగి వస్తే మొదట కాలనీ, తర్వాత కల్వర్టు, తర్వాత ఊరు. కంప కల్వర్టు దగ్గర వేశారు. ఒక కుర్రాడు లేచి, “అక్కా, అలాంటి ఉద్దేశమేం లేదు. అక్కడ రోడ్డు సన్నం, తక్కువ కంపతో సరిపోతుందని వేశాం” అన్నాడు. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. అబద్ధం చెప్పే పిల్లవాడు కాదు. ఉద్దేశం లేదన్నది నిజమే. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఊరు ఎక్కడ మొదలవుతుందన్నది మా చేతులకు అంతగా అలవాటైపోయింది, చీకట్లో కూడా అవి తడబడకుండా అక్కడే కంప వేశాయి. పొద్దున ఆ కంప ముందు నిలబడి అటువైపు చూస్తూ ధైర్యం తెచ్చుకున్న నాకు, అటువైపు 60 ఇళ్ళు ఉన్నాయన్న సంగతే తట్టలేదు.

ఆ తర్వాత మాటల ధోరణి మారింది. అప్పటిదాకా కంప ఉండాలా, తీసేయాలా అని కొట్టుకున్నాం. ఆశా కార్యకర్త లేచి, “ఊళ్ళో నెలలు నిండిన వాళ్ళు ముగ్గురున్నారు. రాత్రి రెండింటికి నొప్పులొస్తే 108 కోసం ఈ కంప ఎవరు తీస్తారు, పేరు చెప్పండి” అంది. పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయాం. అడ్డం వేయడానికి 20 మంది ఉన్నారు, తీయడానికి మనిషి లేడు.

మధ్యాహ్నం దాకా కూర్చుని ఇలా అనుకున్నాం. కంప తీసేయాలి. కాలనీకి అవతల, మెయిన్ రోడ్డు దగ్గర ఒక వెదురు బొంగు అడ్డం కట్టాలి. చేత్తో ఎత్తితే లేచేట్టు ఉండాలి. వంతుకు ఇద్దరు, ఊళ్ళోనుంచి ఒకరు, కాలనీ నుంచి ఒకరు. వచ్చినవాళ్ళ పేరు పుస్తకంలో రాయాలి. పురుడు, పురుగు ముట్టడం, గుండెనొప్పి అంటే పుస్తకం లేదు, ప్రశ్న లేదు, బొంగు లేపడమే. పైనుంచి వచ్చే ప్రభుత్వ ఆంక్షలు ఎటూ ఉంటాయి, మనం పెట్టుకున్నది మాత్రం ఆదివారం ఆదివారం కూర్చుని ఉంచాలో తీయాలో చూసుకోవాలి.

ఈ చివరి మాట పెట్టించింది కూడా ఆ మేస్త్రమ్మే. “గడువు లేకపోతే ఈ బొంగు ఇక్కడే పాతుకుపోద్ది” అంది.

ఆమె మాట ఎంత లోతైనదో నాకు తర్వాత తెలిసింది. మనకు అప్పుడు ఆధారమైన చట్టం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు తెల్లవాళ్ళు తెచ్చింది. మొదట అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం ఏ చర్యైనా తీసుకోవచ్చంటుంది, ఎప్పుడు ఆపాలో చెప్పదు. ఆ ఏడే పూణేలో ప్లేగు అదుపు పేరుతో సైనికులను ఇళ్ళలోకి పంపి సోదాలు చేయించారు. ఆడవాళ్ళున్న గదులని చూడలేదు, పూజగది అని చూడలేదు. జనం జబ్బుపడ్డవాళ్ళను దాచిపెట్టారు. రోగిని వేరుగా ఉంచడం మంచి పనే. కానీ అడగకుండా, చెప్పకుండా చేస్తే ఆ మంచి పని నుంచే జనం పారిపోయారు. కోపం ముదిరి, జూన్‌లో ప్లేగు అధికారి ర్యాండ్‌ను కాల్చారు. ఆ రోజుల్లో రాసిన రాతలకే తిలక్‌ను రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. వేపచెట్టు కింద నిలబడిన ఆ మనిషి ఈ చరిత్ర చదవలేదు. అయినా అడగాల్సింది అడిగింది.

ఇప్పుడు ఆ తల్లి సంగతి. హైదరాబాద్ వాళ్ళెవరినీ రానివ్వొద్దన్న ఆమె కొడుకు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. హాస్టళ్ళు మూసేస్తున్నారు, పోలీసులు పాసులిస్తున్నారు, వచ్చేస్తున్నానని ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాడు. వేల మంది అలాగే పాసులు పట్టుకుని బయల్దేరారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర వైపు ఆపేశారు. ఒక రాష్ట్రం పొమ్మంది, ఇంకో రాష్ట్రం రావద్దంది. పిల్లలు రోడ్డు మీద నిలబడిపోయారు. 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటామని ఒప్పుకున్నాక లోపలికి తీసుకున్నారు. ఆ రాత్రంతా ఆ తల్లి మా ఇంటి అరుగు మీద ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. పొద్దున తాను అన్న మాట గురించి ఆమె ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

క్వారంటైన్ ముగిసి వాడు ఊరి మొదటికి వచ్చిన పూట వంతులో కాలనీ కుర్రాడు ఉన్నాడు. పుస్తకంలో పేరు రాసుకున్నాడు, బొంగు ఎత్తాడు. తల్లి ఇవతల నిలబడి ఉంది. దగ్గరకు తీసుకోవచ్చో లేదో తెలియక చేతులు ముందుకు చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. “ఫరవాలేదు పిన్నీ, 14 రోజులు అయిపోయినాయిగా” అన్నాడు ఆ కుర్రాడు.

మేం చేసిందంతా సరైనదే అని చెప్పడానికి నేను ఈ మాటలు మాట్లాడటం లేదు. మా వేపచెట్టు కిందికి అసలు రాని వాళ్ళు ఉన్నారు. ఊరవతల ఇటుక బట్టీలో ఒడిశా కుటుంబాలు ఉండేవి. బట్టీ పని ఆగిపోయింది, యజమాని అడ్వాన్సు మిగిలి ఉందంటాడు, రైళ్ళు లేవు. వాళ్ళకు బియ్యం ఎలా అన్నది ఆ రోజు మా చర్చలో రాలేదు. వాళ్ళు ఉండి ఉంటే వచ్చేది. వారం తర్వాత ఒక వాలంటీర్ అటు వెళ్ళి చూసి చెబితే తెలిసింది, పిల్లలకు గంజి తాగించి పడుకోబెడుతున్నారని. అదే ఏప్రిల్‌లో తెలంగాణలో మిరప కోతలకు వచ్చిన 12 ఏళ్ళ పిల్ల, పనులు ఆగిపోయి, ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇక కొంచెం దూరం ఉందనగా చనిపోయింది. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు మా కల్లాల్లో కాయ ఇంకా ఎత్తలేదు. ఆ ఎరుపు వంక చూడలేకపోయాను.

మొదటి విడత ఎలాగో గడిచింది. మనిషికి 3 మాస్కులని డ్వాక్రా మహిళలు కుట్టినవి వచ్చాయి. ఆదివారం మీటింగుల్లో ఒకటి ఉంచాం, ఒకటి తీశాం. మే నెలాఖరులో ఒక ఆదివారం బొంగు కూడా తీసేశాం. 2021 ఫిబ్రవరిలో ఇన్నాళ్ళకు పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కాలనీ వార్డు నుంచి ఆ మేస్త్రమ్మ మెంబరుగా గెలిచింది.

రెండో విడత చాలా ఘోరంగా వచ్చింది. మే 5 నుంచి ఆంధ్రలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. తెలంగాణ సరిహద్దులో ఈసారి ఆపింది పిల్లలను కాదు, రోగులున్న అంబులెన్సులను. అక్కడి హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వు అమలు కాకుండా ఆపితే గానీ దారి దొరకలేదు. మా ఊళ్ళో ఆ నెలలో అయిదుగురు పోయారు. వాళ్ళలో నాతో కలిసి పనిచేసిన మాష్టారు ఒకరు.

ఆ రోజుల్లో మళ్ళీ వేపచెట్టు కింద కూర్చున్నాం. కంప మాట ఎవరూ ఎత్తలేదు. జబ్బు బయటినుంచి రావాల్సిన పని లేదని అప్పటికి తెలుసు. ముగ్గుపిండి సున్నాలు ఈసారి ఎక్కువే గీశారు. కార్యదర్శి కాగితం తీసి మొదలుపెట్టబోతుంటే మేస్త్రమ్మ ఆగమంది. లేచి నిలబడి, ఖాళీగా ఉన్న సున్నాల వంక చూసింది.

“ఇంకా ఎవరు రావాలి?” అని అడిగింది.

ఇటుక బట్టీ వాళ్ళను పిలుచుకు రావడానికి, నిరుడు కంప వేసిన కుర్రాడే బండి తీశాడు.