మాట్లాడని మనిషిని నటించడం

సభకు నమస్కారం. విశాఖలో సినిమా గురించి మాట్లాడమంటే నాకు సంతోషం. ఇక్కడ నాటకం వేసినవాళ్లూ, చూసినవాళ్లూ కూడా ఉంటారు.

హాల్లోంచి బయటికొస్తూ ఒకాయన అంటాడు: "మొహంలో ఏ భావమూ లేదండీ, కొయ్యబొమ్మలా ఉన్నాడు." పక్కాయన అంటాడు: "పాత్రే అలాంటిది కదా, గుంభనమైన మనిషి." ఎవరి మాట నిజం? ఆ మనిషి ఏదో దాచుకున్నాడని మనకు తెలుస్తోందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గొంతుదాకా వచ్చిన మాట మింగినవాడి మౌనం వేరు, చెప్పడానికేమీ లేనివాడి మౌనం వేరు.

మన ఉత్తరాంధ్ర బిడ్డ జె.వి.సోమయాజులు గారినే తీసుకోండి. 'కన్యాశుల్కం' నాటకంలో ఆయన రామప్ప పంతులు. కోతలు, ఎత్తులు, నోరు మూతపడని పాత్ర. అదే మనిషి 1980లో 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి అయ్యారు. కనుబొమ్మ కదిలించడంలో కూడా పొదుపే. చేతకాక కాదు, చేతనైనదంతా ఆపుకుని. అందుకే కూతురు స్వరం తప్పినప్పుడు "శారదా!" అని ఆయన గొంతు లేస్తే ఇప్పటికీ ఒళ్లు ఉలిక్కిపడుతుంది. సినిమా పొడుగునా అరిచే పాత్రైతే ఆ పిలుపు ఎవరికి గుర్తుంటుంది?

భరతముని నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే లోపలి భావం ఒంటిమీద తెలిసే తీరుల్లో, మొదటిది స్తంభం, అంటే కదలక నిలిచిపోవడం. చెమట, వణుకు, కన్నీరు అన్నీ ఆ తర్వాతే. కదలకపోవడమూ అభినయమే. అయితే ఆ సత్త్వం, అంటే ఆ భావాన్ని పుట్టించేది, మనసులోంచి పుట్టాలన్నది భరతుడి షరతు.

అందుకే ప్రతి మొద్దు నటనకూ 'అండర్‌ప్లే', అంటే కావాలని తగ్గించి నటించడం, అని పేరుపెట్టి వెనకేసుకురావడం నాకు మింగుడుపడదు. నేను చూసేది ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు. మన నటుడు వింటున్నాడా, తన డైలాగు వంతు కోసం కాచుకుని ఉన్నాడా? స్టేజీ మీద చివరి వరుసకు అందాలి కాబట్టి కొంత పెంచక తప్పదు. క్లోజప్‌లో ఆ అవసరం లేదు, రెప్ప కాస్త ఆలస్యంగా వాలినా తెలిసిపోతుంది.

మన ఊరి సినిమా సంగతి చెప్పి ముగిస్తాను. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. చూడనివాళ్లు నన్ను మన్నించాలి, కథ చెప్పేస్తున్నాను. 49 ఏళ్ల అటెండరు రాజు. పెళ్లి కాలేదని చుట్టుపక్కలవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. సుబ్బారావు గారు ఆ పాత్రను ఎంత నెమ్మదిగా చేశారంటే, మొదటిసారి నాకు ఆయన ఉత్త మంచివాడిలా కనిపించారు. సినిమాలో సునీత, భార్గవి, సలీమాలతో మరో మూడు ప్రేమకథలు కూడా నడుస్తాయి. మనం వేరేవాళ్ల కథలనుకున్న ఆ మూడు ప్రేమలూ ఈయనవేనని చివర్లో తెలుస్తుంది. రెండోసారి చూశాను. మొహం అదే, నెమ్మది అదే. కానీ ఆయన ఊరికే నిలబడి ఉన్నా, ఆ వెనక నాకు సునీత, భార్గవి, సలీమా కనబడుతూనే ఉన్నారు.