"నొప్పేమీ లేదు డాక్టర్‌గారూ, చూడ్డానికి బాగాలేవంతే"

అందరికీ నమస్కారం.

ఈరోజు మాట కాళ్ల మీద కనిపించే నరాల గురించి. మాట్లాడే ముందు మీచేత ఒక చిన్న పని చేయిస్తాను. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఒక చేతిని కుర్చీ పక్కన కిందికి వేలాడేయండి. అర నిమిషం అలా వదిలేయండి. ఇప్పుడు మణికట్టు నుంచి వేళ్ల దాకా చేతి పైవైపు చూడండి. నరాలు నీలంగా, ఉబ్బుగా లేచాయి కదా? అదే చేతిని తలకన్నా పైకెత్తండి. పది లెక్కపెట్టేలోపు అణిగిపోతాయి. అదే చెయ్యి, అదే రక్తం. ఎత్తు మారింది, అంతే.

చేతికి అర నిమిషం జరిగింది కాళ్లకి రోజంతా జరుగుతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి చేర్చే నాళంలో, ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలోనే చెప్తే, దాదాపు 80 నుంచి 100 దాకా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది, ఒత్తిడి 30 దగ్గరికి పడిపోతుంది. పిక్కని రెండో గుండె అనడం ఇందుకే. నడక కాళ్లని అలవనిస్తుందేమో గానీ సిరలకి అదే విశ్రాంతి. వాటికి కష్టమల్లా ఒకేచోట నిలబడిపోవడం.

పైకి ఎక్కిన రక్తం మళ్లీ కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి, ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటివి. ఇటలీలోని పాడువాలో ఫాబ్రిషియస్ అనే ఆచార్యుడు 1603లో వాటి బొమ్మలు అచ్చువేయించాడు. చూశాడు, గీశాడు గానీ అవి ఎందుకున్నాయో ఆయనకి సరిగా అంతుపట్టలేదు. ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే అనే ఇంగ్లండ్ వైద్యుడు 1628లో తేల్చాడు. ముంజేతికి పైన కట్టు కట్టి, లేచిన సిరని వేలితో నొక్కి, రక్తం గుండె వైపు తప్ప వెనక్కి రావడం లేదని చూపించాడు. కత్తి లేదు, యంత్రం లేదు. మీరిప్పుడు చేసింది దానికి తమ్ముడి లాంటిదే.

ఈ కవాటాలు వదులైతే రక్తం వెనక్కి కారుతుంది. కారినకొద్దీ సిర గోడ సాగుతుంది, సాగినకొద్దీ కవాటాల రెక్కలు ఇంకా దూరమవుతాయి. అమ్మానాన్నలకి ఇలా ఉబ్బిన నరాలుంటే మనకి వచ్చే అవకాశం ఎక్కువ. వయసు, గర్భం, బరువు, గంటలకొద్దీ నిలబడే పని దానికి తోడవుతాయి. కాలు మీద కాలు వేసుకుంటే వస్తాయని పెద్దవాళ్లు తిడుతుంటారు. దానికి గట్టి ఆధారం లేదు. ఈ ఒక్క విషయంలో మీరు నిశ్చింతగా కూర్చోవచ్చు.

మన భాషతో ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పేస్తాను. మనకి అన్నీ నరాలే. మెదడు నుంచి వచ్చేదీ నరమే, రక్తం పోయేదీ నరమే. దాంతో కాళ్ల మీద నరాలు కనిపిస్తున్నాయని నేరుగా నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లి, అక్కడ గంటలు కూర్చుని, ఇది నా విషయం కాదమ్మా అనిపించుకుని వచ్చేవాళ్లని చాలామందిని చూశాను. మీరు వెతకాల్సింది రక్తనాళాల డాక్టర్‌ని, లేదా ఈ పనిలో చెయ్యి తిరిగిన చర్మవైద్యుల్ని. ఈ మాట అన్నాక కూడా ఈ ప్రసంగంలో నేను చాలాసార్లు సిరని నరమనే అంటాను. అలవాటు.

ఇక అసలు సంగతి. ఒకావిడ వచ్చారు, నలభై దాటి ఉంటాయి. "ఏంటమ్మా ఇబ్బంది?" అంటే, "కాళ్లు నొప్పులండీ" అన్నారు. ఎక్కడ అంటే చెయ్యి తొడ నుంచి పాదం దాకా గాల్లో తిప్పారు. ఎప్పుడు అంటే, ఎప్పుడూనా, సాయంత్రమా, ఆవిడకే తెలియడం లేదు. పరీక్ష చేశాం, లోపల అంతా బాగుంది. ఆ మాట చెప్పగానే ఆవిడ ముఖంలో సంతోషం కనపడాలి కదా. లేదు. కాసేపు కుర్చీ అంచు పట్టుకుని కూర్చుని, చివరికి గొంతు తగ్గించి, "నిజానికి నొప్పేమీ లేదు డాక్టర్‌గారూ, చూడ్డానికి బాగాలేవంతే" అన్నారు. ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

ఇందులో తప్పేముంది? పళ్లు వంకరగా ఉంటే క్లిప్పులు వేయించుకుంటాం, జుట్టు నెరిస్తే రంగు వేసుకుంటాం, అక్కడ ఎవరూ నొప్పి అని సాకు చెప్పరు. కాళ్ల దగ్గరికొచ్చేసరికి అందం కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లడం దుబారా అనిపిస్తుంది, అందుకని ఒక నొప్పి తయారుచేస్తాం. ఆ నొప్పితోనే నాకు టెన్షన్. నొప్పి అన్నారంటే నేను లోపలి సిరల వైపు వెళ్తాను, నడుము వైపు వెళ్తాను, మోకాలి కీలు వైపు వెళ్తాను. నరం మీద చేసిన చికిత్సతో లేని నొప్పి ఎలాగూ తగ్గదు. వేరే కారణంతో ఉన్న నొప్పీ తగ్గదు. చివరికి డబ్బూ పోయి, అసంతృప్తి మిగులుతుంది. అందం కోసమే వచ్చానంటే మాత్రం మాట సూటిగా సాగుతుంది. ఏ గీత పోతుంది, ఏది పోదు, ఎన్నాళ్లు పడుతుంది, ఏ మచ్చ మిగలొచ్చు అన్నవి విప్పి మాట్లాడుకోవచ్చు.

దీనికి రివర్సులో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన చీలమండ లోపలివైపు గోధుమరంగు మచ్చ చూపించి, "ఇది పోగొట్టండి, షూ వేసుకుంటే బాగాలేదు" అన్నారు. ఆయన దృష్టిలో అది అందం సమస్య. రెండేళ్లుగా దురదకి ఏవేవో పూతలు రాస్తున్నారు. వేలితో నొక్కి చూస్తే ఆ చర్మం చెక్కలా బిగుసుకుపోయి ఉంది. పైన తొడ దాకా వెళ్లే పెద్ద సిర కారుతోంది, ఏళ్లుగా. అక్కడ రేపో మాపో పుండు పడేదే.

అందుకే డాక్టర్లు వీటికి మెట్లు కట్టారు. 1994లో మొదలైన సీఈఏపీ అనే వర్గీకరణలో సున్నా నుంచి ఆరు దాకా అంకెలుంటాయి. దారాల్లా ఎర్రగా, ఊదాగా కనిపించే స్పైడర్ వెయిన్స్ మిల్లీమీటర్ కన్నా సన్నం. వాటికంటే కాస్త లోతుగా, నీలి ఆకుపచ్చ రంగులో ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉండేవి రెటిక్యులర్. ఈ రెండూ మొదటి మెట్టు. మూడు మిల్లీమీటర్లు, ఆ పైన ఉండి, మెలికలు తిరిగి ఉబ్బినవి వేరికోస్ వెయిన్స్, రెండో మెట్టు. తర్వాత వాపు, ఆ తర్వాత ఆ పెద్దాయనకి వచ్చినట్టు చర్మం రంగు మారడం, చివరి రెండూ మానిన పుండు, మానని పుండు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లు పూర్తిగా అందం కోసం ఆలోచించవచ్చు. ఏమీ చేయించుకోకుండా ఉండిపోయినా వచ్చే నష్టం లేదు. సాయంత్రానికి ఒక కాలు వాస్తున్నా, చీలమండ దగ్గర చర్మం రంగు మారినా, నరం చిట్లి రక్తం కారినా అది ఇక అందం లెక్క కాదు. రక్తం కారితే కంగారుపడి కుర్చీలో కూర్చోకండి. పడుకుని, కాలు పైకెత్తి, కారుతున్నచోట వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి, ఆగుతుంది. ఆగాక డాక్టర్‌కి చూపించండి. ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

లోపల కారుతోందో లేదో చెప్పేది డాప్లర్ స్కాన్. మిమ్మల్ని నిలబెట్టి, తొడ మీద చల్లటి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, పిక్కని చేత్తో పిండుతారు. మెషీన్‌లో "హుష్" అని ఒక శబ్దం వస్తుంది, అది రక్తం పైకి పోతున్న చప్పుడు. చెయ్యి వదలగానే నిశ్శబ్దమైతే కవాటం మూసుకుంది. వదిలాక కూడా నిట్టూర్పులా ఒక చప్పుడు సాగుతుంటే కారుతోందన్నమాట. పైపై సిరల్లో అర సెకను దాటితే లోపమనే లెక్క. నాలుగు సన్నటి దారాలున్న ప్రతివాళ్లకీ స్కాన్ కావాలని నేననను. కానీ ఉబ్బిన నరం ఒక్కటి ఉన్నా, కాలు బరువుగా అనిపిస్తున్నా స్కాన్ లేకుండా నరాన్ని మూసే మందు సూది వేయించుకోవద్దు. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు, పోయినవి మళ్లీ వస్తాయి. ఆ పెద్ద సిరని ఇప్పుడు లేజర్ తీగతోనో, రేడియో తరంగాలతోనో లోపలినుంచే మూసేస్తున్నారు. దాని గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి.

సన్నవాటికి నేటికీ మొదటి చికిత్స సూదే. స్క్లెరోథెరపీ అంటారు. ఎక్కువగా వాడే పోలిడోకనాల్ అనే మందు 1930లలో ఆ ఒక్క చోటునే మొద్దుబార్చే మత్తుమందుగా పుట్టింది. రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీసే దాని గుణమే తర్వాత ఇలా పనికొచ్చింది. మందులకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2010లో దీన్ని స్పైడర్ వెయిన్స్‌కి అర శాతం, రెటిక్యులర్‌కి ఒక శాతం చొప్పున అనుమతించింది. మందు తగిలిన గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మూసుకున్న నాళాన్ని ఒళ్లు మెల్లగా కరిగించుకుంటుంది.

చూడ్డానికి ఎలా ఉంటుందంటే, ఇన్సులిన్ సూదంత సన్నటి మొన ఆ ఎర్ర దారంలోకి దూరుతుంది. బొటనవేలు పిస్టన్ మీద ఆనీ ఆనకుండా ఆనుతుంది. ఒక కొమ్మ తెల్లబడుతుంది, పక్క కొమ్మ, ఆ వెంటనే చెట్టంతా. చర్మం మీద అసలేమీ లేనట్టు ఉంటుంది. మెడ వంచి చూస్తున్నవాళ్లు "అయిపోయిందా!" అంటారు. అవ్వలేదు. కాసేపట్లో ఎరుపు తిరిగొస్తుంది, దోమలు కుట్టినట్టు దద్దుర్లు లేస్తాయి, దురద పెడుతుంది. ఆ తర్వాత వారాల తరబడి కాలు ముందుకన్నా అధ్వాన్నంగా కనిపిస్తుంది. వచ్చే నెల ఫంక్షన్ ఉంది, ఈలోపు పోవాలని వస్తే నేను ఫంక్షన్ అయ్యాక రమ్మంటాను. సన్నవి తేలిపోవడానికి మూడు నుంచి ఆరు వారాలు, కాస్త లావువాటికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఒక్క విడతలో అయిపోదు.

మచ్చల సంగతి దాచను. సూది వేసిన దారి పొడవునా గోధుమరంగు గీత పడటం మామూలే. రక్తంలోని ఇనుము చర్మంలో దిగబడటం వల్ల వస్తుంది. చాలామందికి నెలల్లో వెలిసిపోతుంది, కొందరికి ఏడాది దాటినా ఉంటుంది. కొందరికి చికిత్స చేసిన చుట్టుపక్కలే కొత్తగా ఎర్రటి సన్నటి అల్లిక పుడుతుంది. అరుదుగా సూది చోట పుండు పడి మచ్చ మిగులుతుంది, ఇంకా అరుదుగా ఎలర్జీ, లోపలి సిరలో గడ్డ. గర్భంతో ఉంటే ఇది వద్దు. ప్రసవమయ్యాక కూడా కొన్ని నెలలు ఆగండి, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ముందెప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, మైగ్రేన్ ఉందా, ఇవి అడక్కపోయినా చెప్పండి.

"నరం మూసేస్తే రక్తం ఎటు పోతుందండీ?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. కాలి రక్తంలో ఎక్కువ భాగం మోసేది కండరాల మధ్య ఉండే లోపలి సిరలే. మనం మూసేవి పక్కసందుల్లాంటివి, అవి మూసినా ట్రాఫిక్ ఆగదు.

లేజర్ మాట వింటే అందరికీ మోజు. ముఖం మీది ఎర్ర గీతలకి లేజర్ బాగా పనిచేస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. కాళ్ల దగ్గర చాలావరకు సూదే మెరుగు. సూది దూరనంత సన్నవాటికి, మందు పడనివాళ్లకి, సూదంటే భయపడేవాళ్లకి లేజర్. ఆ వెలుగు రక్తంలోని ఎరుపుని వెతుక్కుంటూ వెళ్తుంది గానీ, దారిలో చర్మంలోని నలుపు కూడా దాన్ని తాగేస్తుంది. అందుకే చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకి తక్కువ తరంగదైర్ఘ్యం లేజర్లతో కాలిన మచ్చలు, తెల్ల మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే లేజర్ కొంత భద్రం, అదీ చర్మాన్ని చల్లబరుస్తూ, తెలిసిన చేతుల్లో. ఏ లేజర్ అని అడిగితే "లేటెస్ట్ మెషీన్ అండీ" అని జవాబొస్తే లేచి వచ్చేయండి. పూతమందుల గురించి ఒక్క ముక్క. రాసుకుంటే చర్మం మెత్తబడుతుంది, నరం పోదు.

మంచి డాక్టర్‌ని ఎలా గుర్తుపట్టాలని అడుగుతారు. నా దగ్గర ఒకే కొండగుర్తు ఉంది. మిమ్మల్ని నిలబెట్టి చూశారా? ఇందాక చెయ్యి పైకెత్తితే ఏమైందో మీరే చూశారు. బల్ల మీద పడుకోబెట్టి, అక్కడికక్కడే ప్యాకేజీ చెప్పినవాళ్లు మీ నరాల్ని సగమే చూశారు.

ఒకటి మాత్రం మీరే చేసుకోండి. మొదటి సూదికి ముందు నిలబడి, ఒకే వెలుతురులో ఫోటోలు తీయించుకోండి. మనిషికి తన పాత కాలు గుర్తుండదు. ఇందాకటి ఆవిడ మూడో విడత అయిన కొన్నాళ్లకి వచ్చి, "ఏం తేడా లేదు, అనవసరంగా చేయించుకున్నా" అన్నారు. ఫోటో తీసి పక్కన పెట్టాను. చాలాసేపు చూశారు. మోకాలి పక్కన ఇంకా మిగిలిన ఒక గోధుమ గీత మీద వేలు పెట్టి, "ఇదొక్కటే కదా" అన్నారు. తర్వాత రెండో కాలు ముందుకు పెట్టి, "మరి దీని సంగతేంటి?" అన్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగలేకపోతే చీటీ మీద రాసి పంపండి.